కంప్యూటరు తెరకు ఆహార్యము

ఈ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు, వారి మనస్సులో నున్నది చెన్నపురిలోని పాత తెలుగు కుటుంబముల పండుగలను గూర్చియో, పెండ్లి మర్యాదలను గూర్చియో అయి యుండును. నేను వ్రాయబూనినది మా యింటి కంప్యూటరు తెరను గూర్చి. సంస్కృతీ వ్యాసముల సంచికలో యంత్రమునకేమి పని యని పాఠక మహాశయులు సందేహింపవచ్చును. వాకిట ముగ్గు, గడపకు పసుపు కుంకుమలు, ద్వారమునకు మామిడాకుల తోరణము, గోడ మీద పటము, ఇవన్నియు సంస్కృతియే గదా. ఇంటిల్లిపాదియు దినమునకు నాలుగైదు గంటలు కన్నార్పక చూచు పలకను ఎట్లు అలంకరించుకొందుమను ప్రశ్న మాత్రము దానికి వెలియెట్లగును? పైగా తరతరములుగా తమిళదేశమున స్థిరపడి, ఇంటిలో తెలుగును నిలుపుకొని వచ్చుచున్న మనబోటి వారికి ఆ పలకతో మఱియొక పని కూడ కలదు. దానిని ముందు ముందు మనవి చేసెదను.

కంప్యూటరు వెలిగినంతనే కనబడు మొదటి పుటను ఇంగ్లీషువారు డెస్క్‌టాప్ అందురు. అనగా వ్రాతబల్ల పైభాగము. 1981లో జిరాక్స్ కంపెనీవారు స్టార్ అను యంత్రమును విక్రయమునకు తెచ్చినప్పుడు, కచ్చేరీ గుమాస్తా బల్ల మీద నుండు కాగితములు, ఫైళ్లు, టపా పెట్టె మొదలగువానిని చిన్న చిన్న బొమ్మలుగా తెరపై చూపిరి. నాటినుండి ఆ బల్ల ఉపమానము స్థిరపడినది. అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగు చేసిన అనువాదకులలో కొందఱు డెస్క్‌టాప్‌ను బల్ల యనక ‘రంగస్థలము’ అనిరి. చక్కని మాట. బల్ల కాక రంగస్థలమే యైనచో తక్కిన మాటలు వాటంతట నవే సమకూరును. తెర యనుట మనకెట్లును అలవాటే. వెనుక నుండు చిత్రమునకు నేపథ్యమని పేరు. సంస్కృత నాటకములలో నేపథ్యమనగా తెర వెనుక వేషములు వేసికొను చోటు. వేషమునకును ఆ పేరు చెల్లునని అమరకోశము వల్లించినవారెఱుగుదురు.

ఇక థీము అనబడునది ఈ వేషమునంతటిని చుట్టిన మూట. నేపథ్యచిత్రము, కిటికీల అంచు రంగు, అక్షరముల తీరు, చిన్న బొమ్మల పోలిక, బాణపు గుర్తు, గంటల ధ్వనులు, ఇవన్నియు ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చి, ఒక్క నొక్కుతో మార్చుకొనుటకు వీలుగా కట్టి యుంతురు. ఆంగిక వాచిక సాత్త్వికముల సరసన భరతుడు చెప్పిన ఆహార్యమునకు ఇంతకంటె సరియైన ఉదాహరణము ఈ కాలమున నాకు దొరకలేదు. 1963లో వెంపటి చినసత్యము గారు ఈ పట్టణమున స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ వారి ప్రదర్శనలు చూచినవారికి, సత్యభామ జడకును ఆమె నడకకును గల సంబంధమును నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. అందుచేత ఈ వ్యాసమున థీమును ఆహార్యమనియే పిలుచుకొందును. ఎవరికైన రుచింపనిచో థీము అనియే చదువుకొనవచ్చును.

యంత్రపు తెరను యజమాని యిష్టానుసారము మార్చుకొను నీ ముచ్చట ఎట్లు ప్రారంభమయ్యెనో చూచినప్పుడు నాకొక సంతోషము కలిగినది. 1984లో వచ్చిన మెకింటాష్ యంత్రమునకు రంగులు లేవు, నలుపు తెలుపులే. కాని దాని నేపథ్యమును మార్చుకొనుటకు ఒక చిన్న సదుపాయము పెట్టిరి. అడ్డమునకు ఎనిమిది, నిలువునకు ఎనిమిది, వెరసి 64 చుక్కల గడి. వానిలో వేనిని నల్లగా నుంచవలెనో, వేనిని తెల్లగా నుంచవలెనో యజమాని నిర్ణయించును. ఆ చిన్న గడియే తెర నిండ మరల మరల పఱచుకొనును. దీనిని విని మా యింటి యిల్లాలు, “ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరుసలు. ఇది మా అమ్మ నేర్పిన ముగ్గే కదా!” అనినది. పూర్తిగా ముగ్గు కాదు. ముగ్గులో చుక్కల చుట్టును గీత తిరుగును; యంత్రములో చుక్కయే బొమ్మ. ఒక గడి కుడి అంచు పక్క గడి ఎడమ అంచుతో అతుకుపడకుండ కలియవలెనను నియమమును బట్టి చూడగా దానికి దగ్గఱి చుట్టము కలంకారీ అద్దకపు అచ్చు. కాని ఆ మాట ఆమెతో అనుటకు నాకు మనసొప్పలేదు.

రంగులు వచ్చిన పిమ్మట చిక్కులును వచ్చినవి. 1992 నాటి విండోస్ 3.1లో సిద్ధముగా నిచ్చిన వర్ణములకూర్పులలో ఒకదానికి ‘హాట్ డాగ్ స్టాండ్’ అని పేరు. హాట్ డాగ్ అనగా అమెరికా వీథులలో అమ్ము ఒక మాంసపు తినుబండారము. ఆ కూర్పులో తెర యంతయు గాఢమైన యెఱుపు, గాఢమైన పసుపు. లోకములోని వికారపు కూర్పులకెల్ల అది తలమానికమని నేటికిని హాస్యమాడుచుందురు. పసుపు కుంకుమలు చూచి నవ్వుదురా యని మనవారికి కోపము రావచ్చును. నేను ఆ కూర్పును ఒక పాత చిత్రములో చూచితిని. నవ్వినవారిది తప్పు కాదు. మనము గడపకు పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టుదుముగాని గోడలన్నిటికిని కుంకుమ పూయము. పాలు తెలియకపోయినచో మంగళకరమైన రంగులే కంటికి శత్రువులగును.

1995లో విండోస్ 95తో పాటు ప్లస్ అను అనుబంధమును వేఱుగ అమ్మిరి. చిత్రము, రంగులు, బాణము, ధ్వనులు ఒక్క మూటగా వచ్చుట సామాన్య గృహస్థులకు తెలిసినది దానితోనే. లియొనార్డో డావించి పేరనొకటి, ప్రకృతి పేరనొకటి, క్రీడల పేరనొకటి అందులో నుండెను. 2001లో ఎక్స్‌పీ వచ్చినది. దాని పచ్చని కొండ, నీలాకాశము ఎఱుగని వారుండరు. 1996లో చార్లెస్ ఓరియర్ అను ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలో తీసిన చిత్రమది. మౌంటు రోడ్డు ప్రక్కన రిచీ వీథిలో ఏ అంగడి ముందు నిలిచినను ఆ కొండయే. ఎండకాలమున చెమటలు కార్చుకొనుచు ఆ వీథిలో తిరుగువారికి అది యొక చలువపందిరివలె నుండెడిది. 2009 నాటి విండోస్ 7లో ధ్వనుల కూర్పు ఒకదానికి ‘రాగ’ అని పేరు పెట్టిరి. డిసెంబరు సంగీతోత్సవముల ఊరివారమగుట చేత మా యింట అది ఏ రాగచ్ఛాయయో తేల్చుటకు రెండు దినములు వాదము జరిగెను. తేలలేదు.

ఇవన్నియు పరదేశపు మాటలు. మన పట్టణమున జరిగిన పనియు నొకటి కలదు. భారత ప్రభుత్వ సంస్థయగు సీడాక్ వారి చెన్నై శాఖ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆధారముగా ‘బాస్’ అను నిర్వాహక వ్యవస్థను తయారుచేసి 2007 జనవరిలో విడుదల చేసినది. భారతీయ భాషలన్నిటిలోను తెర మాటలాడవలెనన్నది దాని ఉద్దేశములలో నొకటి; తెలుగును అందు కలదు. వెలువడిన కూర్పులకు వరుసగా తరంగ్, అనంత్, తేజస్ మొదలగు పేర్లు పెట్టిరి. 2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపులు పంచ నారంభించినప్పుడు, మొదటి విడతల యంత్రములలో విండోస్‌తో పాటు ఈ బాస్‌ను కూడ పెట్టి యిచ్చిరి. ఆ యంత్రములు పొందిన తెలుగు పిల్లలలో ఎందఱు దానిని తెఱచి తమ భాషలో చూచుకొనిరో! మా వీథిలో నేనడిగిన ముగ్గురు పిల్లలును దాని పేరు విన్నామనిరే గాని తెఱచి చూడలేదు.

ఇప్పుడు మా యింటి సంగతికి వచ్చెదను. మాది తిరువల్లిక్కేణి. మా తాతగారి నాటినుండి వీథిలో తమిళము, ఉద్యోగమున ఇంగ్లీషు, గడప దాటి లోనికి వచ్చినచో తెలుగు. మన కుటుంబములలో ఈ విభాగము ఎవరును వ్రాసి పెట్టినది కాదు, ఎవరును మీఱినదియు కాదు. మా నాన్నగారి తరమున తెలుగు చదువు కూడ ఇంటిలోనే సులభముగా దొరికెడిది. 1854 నుండి వావిళ్లవారి పుస్తకములు ఈ పట్టణముననే అచ్చయ్యెను. ఆంధ్రపత్రిక 1914 నుండి ఇచ్చటినుండియే వెలువడెను. 1947లో చందమామ ఇచ్చటనే పుట్టెను. పిల్లవాడు కూడబలుకుకొనుటకు ఏదో యొక తెలుగు కాగితము ఇంట పడి యుండెడిది. ఇప్పుడు కాగితము లేదు, పలక యున్నది. ఆ పలక మీద తెలుగు లేదు.

మా మనుమరాలు తెలుగు చక్కగా మాటలాడును, చదువలేదు. 2006లో వచ్చిన చట్టము ననుసరించి తమిళము మొదటి తరగతినుండి ఏటేట ఒక తరగతి చొప్పున నిర్బంధ పాఠ్యాంశమై, 2015–16 నాటికి పదవ తరగతికి చేరెను. మా పిల్ల ఆ తరువాతి కాలపుది. తమిళము, ఇంగ్లీషు చదివినది. చట్టము మంచిచెడ్డలను గూర్చి పెద్దలు వేదికలపై మాటలాడుచునే యున్నారు. ఇచ్చట నాకు ఆ చర్చ లేదు. ఉన్న ఊరి భాష చదువుట పిల్లకు మేలే. కాని ఒకనాడు ఆమె అవ్వ వ్రాసికొన్న చాకలి పద్దును చేతబట్టుకొని, “ఇందులో ఏమి వ్రాసియుందో చదివి చెప్పు తాతా” అని అడిగినది. ఇంటిలోని వ్రాత ఇంటిపిల్లకు పరాయిదగుట నాకు ఆ దినమున తెలిసినట్లు అంతకు ముందు తెలియలేదు.

ఎదుట కూర్చుండబెట్టి ఓనమాలు దిద్దించవలెనన్న, పదునేడేండ్ల పిల్లకు అది అవమానముగా తోచును. పరీక్షల నడుమ తీరికయు లేదు. కాని ఆమె కంప్యూటరును తెఱవని దినము లేదు. తెరను అలంకరించుటయన్నచో ఆమెకు మిక్కిలి యిష్టము. వారమునకొక ఆహార్యము మార్చును. కనుక, “ఈ ధనుర్మాసమునకు మన యింటి పద్ధతిలో ఒకటి కూర్చుదమా?” అని యడిగితిని. ఉత్సాహముగ ఒప్పుకొన్నది. దాని వెనుక నా యెత్తు ఏమియో ఆమెకు వారము దినములలోనే తెలిసిపోయినదని తరువాత చెప్పినది.

నేపథ్యమునకు అవ్వ ముగ్గే యని ముందుగా నిశ్చయమయ్యెను. తెల్లవాఱుజామున వాకిలి కడిగి, ఎఱ్ఱమన్ను అలికి, బియ్యపుపిండితో ఆమె మెలికల ముగ్గు పెట్టినది. మెట్ల మీదినుండి తిన్నగా క్రిందికి చూచుచు చిత్రము తీసితిమి. ప్రక్కనుండి తీసినచో ముగ్గు ఒకవైపునకు ఒరిగినట్లగును. ఆ చిత్రము తెర మీదికి రాగానే దాని నిండ ఐకాన్లు, ఫోల్డర్లు గుంపుగా నిలిచినవి. మా యిల్లాలు చూచి, “ముగ్గు మీద చెప్పులు విడిచినట్లున్నది, తీసివేయుడు” అనినది. అలంకరణశాస్త్రమున ఇంతకంటె ముఖ్యమైన సూత్రము నేనెక్కడను చదువలేదు. ముగ్గును కుడివైపునకు జరిపి, ఎడమవైపున ఎఱ్ఱమన్ను రంగు మాత్రమే యుండునట్లు చిత్రమును కత్తిరించితిమి. చెప్పులన్నియు ఒక ప్రక్కకు చేరినవి.

రంగుల దగ్గఱ ఒక తమాషా జరిగెను. తెర మీది ప్రతి రంగును మూడు సంఖ్యలతో చెప్పుదురు: ఎఱుపెంత, ఆకుపచ్చ యెంత, నీలమెంత యని. ప్రతిదియు 0 నుండి 255 వఱకు. ఆ లెక్కన కూడగా కోటి అరువది యేడు లక్షల పైచిలుకు రంగులగును. ఆహార్యపు ఫైలును మామూలు వ్రాతప్రతివలె తెఱచినచో ఆ సంఖ్యలు కనబడును, చదువుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. గడప పసుపు రంగును నేను 255, 200, 0 అని పెట్టగా మా యిల్లాలు వింతపడి, “ఎఱుపు, ఆకుపచ్చ కలిపితే పసుపు వస్తుందా?” అని అడిగినది. వచ్చును. అద్దకమునను చిత్రకళయందును అట్లు రాదు. నాట్యశాస్త్రమున ఆహార్యమును చెప్పు అధ్యాయమున తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు నాలుగును మూలవర్ణములు. పసుపు నీలములు కలిసిన ఆకుపచ్చ, తెలుపు ఎఱుపులు కలిసిన పద్మవర్ణము, తెలుపు నీలములు కలిసిన కపోతవర్ణము పుట్టునని చెప్పబడినది. అది పూతల లెక్క. పూత వెలుతురును మ్రింగి మిగిలినదానిని మనకు చూపును. తెర వెలుతురునే పుట్టించును. ఎఱ్ఱదీపము, పచ్చదీపము ఒక్కచోట వెలిగినచో కంటికి పసుపు తోచును. ఇదంతయు విని ఆమె, “అయితే ఈ పసుపులో పసుపే లేదన్నమాట” అని ముగించినది.

ఆ పైన ఎంత రంగు ఎక్కడ నుండవలెనన్న ప్రశ్న. దీనికి నాట్యశాస్త్రము కాదు, కంచిపట్టు చీర గురువైనది. చీర నేత యొక రంగు, అంచు మఱియొక రంగు, కొంగు అంచుతో కలియును; రవిక ఆ అంచుకు జత. తియాగరాయనగరపు అంగళ్లలో జత రవిక గుడ్డ కొఱకు చీరను చంకబెట్టుకొని పది మెట్లెక్కి దిగిన స్త్రీలకు ఈ కూర్పు పుస్తకముల వలన నేర్వవలసిన పని లేదు. ఎఱ్ఱమన్ను నేత, పిండి తెలుపు కిటికీ, కిటికీ తలకట్టున సన్నని పసుపు అంచు. ఎన్నుకొన్న వస్తువును చూపుటకు మాత్రమే కుంకుమ. కుంకుమ ఒక్కచోటనే యుండుటవలన చూపు తిన్నగా అక్కడికే పోవును. హాట్ డాగ్ వారికి లేనిది ఈ యొక్క తెలివియే.

అక్షరముల పని అన్నిటికంటె కష్టమైనది, అసలు పనియు నదే. తెలుగక్షరములు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పునుండియు కలవు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. తరువాత వాణి, నిర్మల వచ్చినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను కూర్చి ఇచ్చిరి. పిమ్మట సిలికానాంధ్ర వారు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారముతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ మొదలగు పేర్లతో ఒక ఫాంట్ల సభనే ఉచితముగా లోకమునకిచ్చిరి. భువనవిజయ కవులు కంప్యూటరు అక్షరములై తిరిగి వచ్చుట చూడముచ్చటయే. కొన్ని శీర్షికలకు బాగుగ నుండునుగాని చిన్న కొలతలో చదువుటకు కన్ను నొచ్చును.

ఇంగ్లీషు అక్షరములు ఒక వరుసలో నడచును. మన అక్షరము పైకి గుడి, క్రిందికి వత్తు, వత్తునకు మరల సుడి. ఇంగ్లీషు కొలతతో కోసిన సన్నని తలకట్టులో మన అక్షరమును పెట్టినచో కాళ్లు తెగును. మా యిల్లాలి లెక్కల ఫోల్డరుకు ‘అవ్వ పద్దులు’ అని పేరు పెట్టితిమి. తెర మీద వత్తులు కోసుకొనిపోయి ‘అవ పదులు’ అని కనబడినది. మనుమరాలికి చదువురాదు గనుక అందు లోపము తోచలేదు. చదువు వచ్చిన మేము నవ్వుకొంటిమి. నవ్వుకొన్న పిమ్మట నాకు తోచినది: ఆమె ఈ తెరవలన చదువు నేర్చినచో వత్తులేని తెలుగే తెలుగనుకొనును గదా! అప్పుడు తలకట్టు ఎత్తును పెంచి, పసుపు అంచును వెడల్పు చేసితిమి. అలంకారమునకని కాదు, ద వత్తుకు చోటు కావలెనని.

మఱియొక చిక్కు ‘ప’కును ‘వ’కును నడుమ. ‘వ’ తల మూసి యుండును, ‘ప’ తల తెఱచి యుండును. భేదమంతయు ఆ చిన్న సందులో నున్నది. చిన్న కొలతలో కొన్ని ఫాంట్లయందు ఆ సందు పూడిపోవును. ‘పాటలు’ అను ఫోల్డరు ముందు ఆగి, “ఇది ‘ప’ నా, ‘వ’ నా తాతా?” అని మనుమరాలు అడుగుచుండెను. నాలుగు ఫాంట్లను మార్చి, సందు తెల్లగా నిలుచు దానిని ఎంచితిమి. అది చాల అందమైనది కాదు. పెద్దన పేరిటిది వదలుకొనుటకు నాకు బాధ కలిగెను. కాని నేర్చుకొనువారి కన్నుకు సందు కావలెను.

గడియారమును, వారముల పేర్లను తెలుగునకు మార్చితిమి. ఇది నేననుకొనని మేలు చేసినది. సోమవారము, మంగళవారము, ఇట్లు ఏడు పేర్లును నోటికి వచ్చినవే. ప్రతిదాని చివరను ‘వారం’ తిరిగి తిరిగి వచ్చును. ఏ దినమో ఆమెకు ముందే తెలియును గనుక అక్షరమును ఊహించి సరిచూచుకొనును. ‘వ’ అట్లు స్థిరపడెను. ‘వ’ స్థిరపడిన మీదట ‘ప’ వేఱని తెలిసెను. తమిళములో ఒక్క అక్షరము పలుకు నాలుగు ధ్వనులకు మనకు నాలుగక్షరములు ఏల యని యొకనాడు వాదమునకు వచ్చినది. ‘కడప’, ‘గడప’ అని రెండు ఫోల్డర్లు పెట్టి చూపితిని. కడపలో మాకు చుట్టములున్నారు. వారి పెండ్లి ఫొటోలు అందులో చేరినవి. ‘గడప’లో ముగ్గుల చిత్రములు చేరినవి. వాదము నిలిచినది.

మా కుమారుడు పాత మహాబలిపురపు రోడ్డున ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేయును. ఇది యంతయు ఆడంబరమని అతని మతము. వారి కచ్చేరీ యంత్రములో నేపథ్యమును మార్చుటకు వీలులేదు. కంపెనీ చిహ్నము తప్ప మఱియొకటి రాకుండ తాళము వేయుదురు. “ఇరువది యేండ్లుగా ఆ నీలి చిహ్నమునే చూచుచున్నాను, నా పనికేమి లోపము వచ్చినది నాన్నా?” అని అడిగెను. ఇంతకంటె గట్టి ఆక్షేపణ మఱియొకటి తెచ్చెను. ఆజ్ఞలను, మెనూలను తెలుగు చేసినచో పిల్ల రేపు కళాశాలలో తడబడును. యంత్రము మొరాయించినప్పుడు అది చూపు తెలుగు వాక్యమును పట్టుకొని పరిష్కారము వెదకినచో ఏమియు దొరకదు. ఈ మాటలో నిజమున్నది. అనువాదములును అన్నిచోట్ల ఒక్క తీరున లేవు. ఒకచోట తెలుగు, ఒకచోట ఇంగ్లీషు, ఒకచోట సంస్కృతపు పెద్ద సమాసము. కనుక ఆజ్ఞలు ఇంగ్లీషుననే యుంచితిమి. మేము పెట్టుకొన్న పేర్లు, వారములు, గడియారము, ఇంటివారి గుర్తులు మాత్రము తెలుగు. వీథిలో ఒక భాష, గడపలోపల ఒక భాష యను మన పాత ఏర్పాటే యంత్రములోనికి వచ్చి కూర్చున్నట్లయినది. నీలి చిహ్నమును గూర్చి మాత్రము అతనికి నేనిచ్చిన సమాధానము వేఱు. కచ్చేరీ గోడకు వారి పటము, ఇంటి గోడకు మన పటము. ఇంటి యంత్రమునకును పరాయి కొండయే వ్రేలాడుచున్నచో అది ఎవరి యిల్లు? అతడు బదులు చెప్పలేదు; కాని తన ఫోల్డరు పేరును తెలుగున మార్చుమని మఱునాడు కూతురికి చెప్పినాడట.

మనుమరాలు ఇప్పుడు మెల్లగా చదువును. వార్తాపత్రిక కాదు, పద్యము కాదు. అంగడి చీటీ, పద్దు, పెండ్లి శుభలేఖలో ఊరి పేరు. ‘ఘ’, ‘ఝ’ వచ్చినచో ఆగును. చాకలి పద్దు మాత్రము తడుముకొనకుండ చదివి, లెక్కలో అవ్వకు రెండు చీరలు తక్కువ వచ్చినవని పట్టుకొన్నది.

మేము కూర్చిన మూట మొత్తము నాలుగు మెగాబైట్లకు మించదు. చుట్టములు అడుగగా మూడిండ్లకు పెన్‌డ్రైవులో ఇచ్చితిమి. తెలియని చోట్ల ఉచితమని దొరకు ఆహార్యములను ఇట్లు నమ్మి తెచ్చుకొనరాదు. వేషము పేరిట వైరసు చొరబడుట కలదు. మాది ఎవరైనను తెఱచి చదువుకొనదగిన వ్రాతప్రతి, ఒక ముగ్గు చిత్రము, ఒక ఉచిత ఫాంటు, అంతియే. అంబత్తూరు వారు ఎఱ్ఱమన్ను రంగు తమ కన్నులకు పడలేదని ఆకుపచ్చ చేసికొన్నారు. పెరంబూరు వారు ముగ్గును తీసివేసి తిరుమల ఆనందనిలయపు చిత్రమును పెట్టుకొన్నారు, ధ్వనులును మార్చివేసినారు. వారి పిల్లవానికి ఎనిమిదేండ్లు. మొన్న మా యింటికి వచ్చి మా తెర ముందు నిలిచి, ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్కటే వ్రేలుపెట్టి చదివినాడు. ‘పాటలు’ దగ్గఱ ఆగలేదు.